గనులు తవ్విన భూమిలో సాగునీటి పశుగ్రాసం: ముందు మట్టి, తర్వాతే గడ్డి

మొరం తీసిన గుంతలు, నాపరాయి తవ్వి వదిలేసిన చెలకలు, ఇటుక బట్టీలకు పైమట్టి అమ్ముకున్న పొలాలు, బొగ్గు ఓపెన్‌కాస్టుల పక్కన ఓబీ మట్టి పరచిన నేలలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. తాండూరు, బేతంచర్ల వైపు నాపరాయి గుంతలు, గోదావరి లోయలో బొగ్గు గనుల ప్రాంతం చూసినవారికి ఈ భూములు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. తవ్వకం అయిపోయి లీజు ముగిశాక ఆ ఎకరం, అరెకరం మళ్లీ రైతు చేతికి వస్తుంది. వరి, పత్తి పండవు. గుంతలో నీళ్లు మాత్రం ఉంటాయి. ఇంట్లో రెండు గేదెలో, ఇరవై గొర్రెలో ఉంటాయి. అలాంటప్పుడు పశుగ్రాసం వేద్దామనుకోవడం మంచి ఆలోచనే. కానీ ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో తెలుసుకోకుండా దిగితే డబ్బు, ఏడాది కాలం రెండూ పోతాయి.

నా సర్వీసులో జరిగిన ఒక సంగతి చెబుతాను. మొరం తీసిన ఎకరంలో సూపర్ నేపియర్ వేస్తానని ఒక రైతు వచ్చాడు. "నీళ్లున్నాయి కద సార్, గడ్డికేం తక్కువ?" అన్నాడు. నేనూ పొలం తవ్వి చూడకుండానే సరే అన్నాను. మొదటి రెండు నెలలు గడ్డి పచ్చగా లేచింది. అది ముచ్చెలో ఉన్న బలంతో వచ్చిన పెరుగుదల. మొదటి కోత తర్వాత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, రెండో కోత రాలేదు. మొక్క పీకి చూస్తే వేర్లు నాలుగు అంగుళాలు దిగి, గట్టి పొర తగిలి పక్కకు తిరిగి ఉన్నాయి. అప్పు తీర్చడానికి ఆయన ఒక గేదెను అమ్ముకున్నాడు. ఆ నష్టంలో నా సలహాకూ వాటా ఉంది. మరుసటి ఏడాది పది గుంటల్లోనే, ఈసారి మట్టితో మొదలుపెట్టాం. మూడో ఏడాదికి గడ్డి నిలబడింది. కింద రాసినవన్నీ అక్కడి నుంచి నేర్చుకున్న క్రమమే.

ఏ భూమికి పనికొస్తుంది, ఏ భూమికి పనికిరాదు

వేరు దిగడానికి కనీసం అడుగున్నర లోతు వదులు మట్టి, మొరం లేదా రాళ్లు కలిసిన మట్టి ఉంటే నేపియర్ లాంటి పెద్ద గడ్డి గురించి ఆలోచించవచ్చు. అంతకంటే తక్కువ ఉంటే స్టైలో, అంజన్ గడ్డి వంటి చిన్న మేతలే వేసుకోవాలి. అడుగున పలకరాయి తేలి ఉన్న చోట గడ్డి పెంచే ప్రయత్నం మానుకుని, ఆ గుంతను నీటి నిల్వకు వాడుకోవడం మేలు.

సీసం, రాగి వంటి లోహాల ఖనిజం తవ్విన చోట్ల జాగ్రత్త వేరు. పల్నాడులో అగ్నిగుండాల లాంటి ప్రాంతాలు ఈ కోవలోకి వస్తాయి. ఖనిజపు వ్యర్థం కలిసిన మట్టిలో భార లోహాల పరీక్ష చేయించకుండా మేత వేయకూడదు. గడ్డి పచ్చగా పెరిగినంత మాత్రాన అది పశువుకు మంచిదని కాదు. సీసం పశువులకు విషం. గొర్రెలు రాగి ఎక్కువైతే తట్టుకోలేవు. ఇలాంటి భూమి ఉన్నవారు ముందుగా కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ, వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానాన్ని గానీ సంప్రదించాలి.

మొదట చేయవలసిన నాలుగు పరీక్షలు

1. మట్టి పరీక్ష. పొలంలో రంగు మారిన ప్రతి చోట విడిగా నమూనా తీయాలి. ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం తప్పక చూపించుకోవాలి. మంచి పొలంలో ఉదజని సూచిక 6.5 నుంచి 7.5 వరకు ఉంటుంది. నాపరాయి, సున్నపురాయి తవ్విన చోట 8 దాటడం మామూలే. కొన్ని బొగ్గు పొరల మట్టి గాలి తగిలాక పులిసి ఆమ్ల గుణానికి రావచ్చు. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే తక్కువ కిందే లెక్క. తవ్విన భూముల్లో ఎక్కువగా ఇదే కనిపిస్తుంది.

2. నీటి పరీక్ష. గుంతలో నీరు తేటగా ఉన్నా పరీక్ష చేయించాలి. వానాకాలం చివర ఒకసారి, మార్చిలో ఒకసారి నమూనా తీయాలి. నీరు తగ్గేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. లవణ సూచిక 0.75 లోపు ఉంటే మంచి నీరు. 2.25 దాటితే మామూలు పైర్లకు వాడకూడదు. పశువులకు తాగించే ముందు పశువైద్యుడికి ఫలితం చూపించాలి.

3. డబ్బా పరీక్ష. రెండు వైపులా మూత కోసిన డబ్బాను నేలలోకి రెండు అంగుళాలు దింపి, అంగుళం ఎత్తు నీరు పోయాలి. గంట దాటినా నీరు నిలిచే ఉంటే టిప్పర్లు, డోజర్లు తిరిగి అడుగు గట్టిపడిందని అర్థం. ఐదు నిమిషాల్లో ఇంకిపోతే నీరు పట్టని నేల. పొలంలో ఐదారు చోట్ల చూడాలి.

4. కుండీ పరీక్ష. ఖర్చు లేనిది ఇదే. ఒక కుండీలో తవ్విన భూమి మట్టి, ఇంకో కుండీలో మంచి పొలం మట్టి నింపి, ఒక్కో దానిలో 20 అలసంద గింజలు వేసి గుంతలోని నీరే పోయాలి. మూడు వారాల తర్వాత మొలక శాతం, ఆకు రంగు, వేరు పొడవు పోల్చాలి. గనిమట్టి కుండీలో మొక్కలు మాడిపోతే ఎరువు కొనకముందే ఆగి కారణం తెలుసుకోవాలి.

చదును, వాలు, గట్టి పొర

జేసీబీ పిలిచినప్పుడు మూడు పనులు ఒకేసారి చేయించుకోవాలి. ఒకటి, గుట్టలుగా ఉన్న మట్టిని మెల్లని వాలుకు దించడం. నిట్రంగా ఉన్న కట్టను అలాగే వదిలేస్తే మొదటి పెద్ద వానకు పోసిన మట్టంతా గుంతలోకి జారుతుంది. రెండు, పెద్ద రాళ్లను వాలుకు అడ్డంగా వరుసగా పేర్చి గట్టు కట్టించడం. పనికిరాని రాయే మట్టిని ఆపుతుంది. మూడు, గట్టి పొరను అడుగున్నర లోతు వరకు సబ్‌సాయిలర్‌తో గానీ, యంత్రం పళ్లతో గానీ చీల్చడం. నేల పొడిగా ఉన్నప్పుడే చీల్చాలి. తడి మీద చేస్తే పొర చీలదు, ఇంకా నొక్కుకుంటుంది. చీల్చిన తర్వాత ఆ పొలంలో లోడు ట్రాక్టర్లను ఇష్టం వచ్చినట్లు తిప్పకుండా ఒకే దారి పెట్టుకోవాలి.

గుంత అడుగునే మేత వేసేవారు వానాకాలంలో నీరు బయటకు పోయే కాలువ ముందే చూసుకోవాలి. పోయే దారి లేకపోతే అక్కడ నేపియర్ కుళ్లిపోతుంది. పారాగడ్డి ఒక్కటే నిలబడుతుంది.

పైమట్టి ఎంత కావాలి: ట్రాలీల లెక్క

తవ్వేటప్పుడు తీసిన పైమట్టి కుప్ప ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని మొదట వెతకండి. అది బంగారం. అది లేకపోతే చెరువు మట్టి. ఏప్రిల్, మే నెలల్లో చెరువులు ఎండినప్పుడు, అనుమతి తీసుకుని తోలుకోవాలి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువు మట్టి వద్దు.

ఎకరంలో ఒక్క అంగుళం మందాన మట్టి పరచాలంటే సుమారు 100 ఘనపు మీటర్లు కావాలి. ట్రాలీకి 3 ఘనపు మీటర్ల లెక్కన 33 నుంచి 35 ట్రాలీలు. ఆరు అంగుళాలు కావాలంటే 200 ట్రాలీలు. చిన్న రైతుకు ఇది అయ్యే పని కాదు. అందుకే ఎకరమంతా ఒకేసారి పెట్టుకోవద్దని చెబుతున్నాను. పది గుంటలతో, అంటే 25 సెంట్లతో మొదలుపెట్టండి.

అక్కడ కూడా మట్టిని పైన చల్లవద్దు. 3 అడుగుల సాళ్లలో 2 అడుగులకొకటి చొప్పున, అడుగు లోతు, అడుగు వెడల్పు గుంతలు తీయాలి. పది గుంటలకు సుమారు 1,800 గుంతలు వస్తాయి. తీసిన మట్టిలో రాయి ఏరేసి, మెత్తటి మట్టిని సగం, చెరువు మట్టిని సగం కలిపి నింపితే 8 లేదా 9 ట్రాలీల చెరువు మట్టి సరిపోతుంది. అదే 9 ట్రాలీలను పైన పరిస్తే అంగుళం మందమే వచ్చేది. గుంతలో నింపితే ప్రతి మొక్కకూ అడుగు లోతు మంచి మట్టి దొరుకుతుంది. ఈ గుంతలు రెండో ఏడాది గడ్డి నాటే ముందు తీస్తే చాలు. చెరువు మట్టిని ముందే తోలి గట్టున కుప్ప పోసుకోవచ్చు.

మొదటి ఏడాది: మేత కోసం కాదు, మట్టి కోసం

ఈ ఏడాది పశువును ఈ భూమిలోకి దించకూడదు. తొలకరికి ముందు పది గుంటలకు రెండు ట్రాలీల చివికిన పశువుల ఎరువు, 30 నుంచి 40 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసి కలియదున్నాలి. పచ్చి పేడ వేయవద్దు. గొర్రెల కాపరులతో మాట్లాడి కొన్ని రాత్రులు మంద కట్టించుకుంటే ఇంకా మంచిది. పెంట, మూత్రం రెండూ నేలకే చేరతాయి.

జూన్, జూలైలో జీలుగ గానీ జనుము గానీ చల్లాలి. మంచి పొలానికి ఎకరాకు 10 నుంచి 15 కిలోలు చాలు. ఇక్కడ మొలక తక్కువ కాబట్టి కొంచెం ఎక్కువ వేసుకోవచ్చు. పది గుంటలకు 4 కిలోలు సరిపోతుంది. ఉప్పు, చౌడు గుణం ఉన్న చోట, నీరు నిలిచే చోట జీలుగ మేలు. నీరు నిలవని మొరం నేలలో జనుము మేలు. సుమారు 45 రోజులకు, పూత మొదలయ్యే దశలో, తడి ఉండగా కలియదున్నాలి. పైరు ఏపుగా పెరిగింది కదా అని గేదెలకు కోసి వేస్తే నేలకు ఏమీ మిగలదు. ఈ ఒక్క పైరు నేలదే.

పచ్చిరొట్ట కలియదున్నిన నెల తర్వాత అలసంద లేదా పిల్లిపెసర వేయాలి. విత్తనానికి రైజోబియం పట్టించడం మరవద్దు. తవ్విన మట్టిలో ఈ జీవులు దాదాపు ఉండవు. ఈ పైరును పూతకు వచ్చాక పైభాగం కోసి మేతగా వాడుకుని, మొదళ్లు, వేర్లు నేలలోనే వదిలేయాలి.

ఉదజని సూచిక బాగా తేడాగా ఉంటే, ఆమ్ల నేలకు సున్నం, చౌడు నేలకు జిప్సం ఎంత వేయాలో మట్టి పరీక్ష ఫలితాన్ని బట్టే నిర్ణయించాలి. పక్క రైతు వేసిన లెక్క మీకు పనికిరాదు. సున్నపురాయి భూముల్లో సున్నం వేయనే కూడదు.

రెండో ఏడాది: ఏ నేలకు ఏ గడ్డి

నీటి వసతి ఉండి, లోతు ఉన్న చోట: కో-4, కో-5, ఏపీబీఎన్-1 వంటి సంకర నేపియర్ రకాలు. రెండు కణుపుల ముచ్చెలను ఒక కణుపు మట్టిలో ఉండేలా ఏటవాలుగా గుంతకొకటి నాటాలి.

కొంచెం నీడ, మధ్యస్థ లోతు ఉన్న చోట: గిని గడ్డి.

ఉప్పు గుణం ఉన్న చోట: రోడ్స్ గడ్డి.

నీరు నిలిచే పల్లపు చోట: పారాగడ్డి.

రాళ్లు, వాలు ఉండి తడి తక్కువగా అందే చోట: అంజన్ గడ్డి, స్టైలో కలిపి. ఎకరాకు అంజన్ 2 నుంచి 3 కిలోలు, స్టైలో 4 కిలోలు.

ప్రతి మూడు సాళ్ల గడ్డికి ఒక సాలు దశరథ గడ్డి తప్పక పెట్టాలి. ఇది పప్పుజాతి మేత. నేలకు నత్రజని, పశువుకు మాంసకృత్తులు ఇస్తుంది. దశరథ గడ్డి విత్తనం తోలు గట్టిది. నీటిని మరిగించి పొయ్యి మీద నుంచి దించిన తర్వాత, అందులో విత్తనాన్ని నాలుగైదు నిమిషాలు ఉంచి వంచేయాలి. తర్వాత రాత్రంతా చన్నీటిలో నానబెట్టి విత్తుకోవాలి. ఈ పని చేయక, విత్తనం మంచిది కాదని డీలరును తిట్టిన రైతులను చాలామందిని చూశాను.

సున్నపురాయి నేలల్లో లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. యూరియా వేస్తే తగ్గదు. 10 లీటర్ల నీటికి 50 గ్రాముల అన్నభేది, 10 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. పిచికారీ చేసిన గడ్డిని వెంటనే కోసి వేయకూడదు.

యూరియా ప్రతి కోత తర్వాత, తడి ఉన్నప్పుడు వేయాలి. మంచి పొలానికి ఎకరాకు 40 కిలోల వరకు వేస్తారు. కొత్తగా కట్టిన మట్టి అంత పట్టి ఉంచలేదు. ఎకరాకు 20 కిలోల లెక్కన, పది గుంటలకు 5 కిలోలతో మొదలుపెట్టండి.

గుంతలో నీరు ఎన్నాళ్లు వస్తుంది

నీటి లెక్క వేయకుండా గడ్డి నాటితే ఏప్రిల్‌లో ఇబ్బంది పడతారు. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు నీరున్న గుంతలో 1,200 ఘనపు మీటర్లు ఉంటుంది. ఎండాకాలంలో రోజుకు సెంటీమీటరుకు కొంచెం తక్కువగా ఆవిరైపోతుంది. నాలుగు నెలల్లో మీటరు లోతు, అంటే 400 ఘనపు మీటర్లు ఎండకే పోతాయి. ఇంకుడు కింద ఇంకో 200 తీసేయండి. మిగిలేది 600.

ఎకరం గడ్డికి ఎండాకాలం రోజుకు సుమారు 20 ఘనపు మీటర్లు, అంటే 20 వేల లీటర్లు కావాలి. ఆ 600 ఎకరానికి 30 రోజులే వస్తాయి. పది గుంటలకైతే 120 రోజులు వస్తాయి. పది గుంటలతో మొదలుపెట్టమనడానికి మట్టి ఒక కారణమైతే, నీరు రెండో కారణం. మీ గుంత కొలతలతో ఇదే లెక్క వేసి, ఎంత గడ్డి నాటాలో నిర్ణయించుకోండి.

రాళ్ల మట్టిలో కాలువ పారిస్తే నీరంతా మొదట్లోనే ఇంకిపోతుంది. డ్రిప్ గానీ స్ప్రింక్లర్లు గానీ వాడాలి. ఉప్పు నీరైతే స్ప్రింక్లర్ వద్దు, ఆకులు మాడతాయి. ఒకేసారి ఎక్కువ నీరు పెట్టకుండా, తక్కువ నీరు తరచుగా ఇవ్వాలి.

నీటి గుంత చుట్టూ కంచె, ఒక వైపు మెట్లు లేదా వాలు దారి తప్పనిసరి. నిట్రపు గుంతల్లో పిల్లలు, పశువులు పడిపోతే పైకి రాలేరు. మోటారు పెట్టే రోజు కంటే ముందే కంచె పూర్తి కావాలి.

కోత, మేపు జాగ్రత్తలు

నేపియర్ మొదటి కోత 70 రోజులకు, తర్వాత 40 నుంచి 45 రోజులకొకసారి, నేల నుంచి నాలుగైదు అంగుళాలు వదిలి కోయాలి. దశరథ గడ్డి మొదటి కోత 90 రోజులకు, అడుగున్నర ఎత్తు వదిలి కోయాలి.

కొత్త మేతను మొదటి వారం పాత మేతలో కొద్దికొద్దిగా కలిపి ఇవ్వాలి. పరగడుపున తడి అలసంద, లూసర్న్ వేస్తే కడుపు ఉబ్బుతుంది. బెట్టకు వచ్చి ఆ తర్వాత వాన తగిలిన గడ్డిని, యూరియా వేసిన వెంటనే కోసిన గడ్డిని పెట్టకూడదు. జొన్న వేసినవారు పూతకు ముందు పచ్చిగా మేపవద్దు. పశువు నిమిషాల్లో పడిపోతుంది.

గొర్రెలను మేపుకునేవారు రెండో వానాకాలం ముగిసే వరకు ఆగాలి. ఆ తర్వాత పొలాన్ని ఐదు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో వారం మేపితే ప్రతి ముక్కకూ నాలుగు వారాల విరామం దొరుకుతుంది. తడి పెట్టిన రోజు, వాన పడిన రోజు మందను దించవద్దు. మీరు డబ్బు పెట్టి చీల్చిన గట్టి పొరను గిట్టలు మళ్లీ తయారు చేస్తాయి.

ఒక పాడి పశువుకు రోజుకు 25 కిలోల పచ్చిమేత లెక్కన ఏడాదికి 9 టన్నులు కావాలి. గడ్డి నాటిన మొదటి ఏడాది పది గుంటల్లో ఒక పశువుకు సరిపడా మేత వస్తే మీరు గెలిచినట్లే. మంచి పొలాల దిగుబడి లెక్కలు చూసి గేదెలు కొనవద్దు. గడ్డి నిలబడ్డాక పశువులను పెంచుకోండి.

లీజు ఇచ్చే ముందు, లీజు ముగిసే ముందు

ప్రధాన ఖనిజాల గనుల్లో పైమట్టిని విడిగా తీసి భద్రపరచి, భూమిని బాగుచేయడానికి వాడాలని 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాలు చెబుతున్నాయి. తవ్వకం ముగిశాక గనుల లీజుదారులు ఆ భూమిలో మళ్లీ గడ్డి పెంచి, పశుగ్రాసం, చెట్లు, జీవాలు పెరగడానికి తగిన స్థితికి తేవాలనే షరతు పెట్టమని 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. చాలామంది చిన్న రైతులకు ఈ సంగతి తెలియదు. మీ భూమి గని లీజులో ఉంటే, చివరి చెక్కు తీసుకునే ముందే ఈ మాట అడగండి. గనుల శాఖకు, మండల తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇవ్వండి. రసీదు ఉంచుకోండి.

మొరానికో, ఇటుక మట్టికో కొత్తగా భూమి ఇస్తున్నవారు ఒప్పందంలో ఐదు మాటలు రాయించుకోవాలి: పై అడుగు మట్టి విడిగా కుప్ప పోయాలి, దాన్ని అమ్మకూడదు, ఇంత లోతుకు మించి తవ్వకూడదు, వెళ్లేటప్పుడు వాలు సరిచేసి మట్టి తిరిగి పరచాలి, అది పూర్తయ్యాకే చివరి డబ్బు లెక్క తేలాలి. తోలుకునే రోజు ఉచితంగా పక్కకు పోసే మట్టిని తర్వాత మీరు ట్రాలీ లెక్కన కొనాల్సి వస్తుంది.

గని ప్రభావిత గ్రామాల కోసం జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులు ఉన్నాయి. గ్రామసభలో ఈ పనిని పెట్టించండి. పశుగ్రాస విత్తనం కోసం పశువైద్యశాలలో, మట్టి పరీక్షకు తెలంగాణలో రైతు వేదిక ఏఈఓ వద్ద, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలో అడగవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551.

గుర్తుంచుకోవలసిన క్రమం

మార్చి: నీటి, మట్టి, డబ్బా, కుండీ పరీక్షలు.
ఏప్రిల్, మే: వాలు సరిచేయడం, గట్టి పొర చీల్చడం, చెరువు మట్టి తోలడం, కంచె.
జూన్ నుంచి ఆగస్టు: జీలుగ లేదా జనుము వేసి కలియదున్నడం.
సెప్టెంబరు నుంచి: అలసంద లేదా పిల్లిపెసర.
రెండో ఏడాది ఏప్రిల్, మే: మళ్లీ మట్టి పరీక్ష, డబ్బా పరీక్ష, నాటే గుంతలు తీసి నింపడం.
రెండో ఏడాది జూన్: గడ్డి ముచ్చెలు, దశరథ గడ్డి.

రెండోసారి డబ్బా పరీక్షలో నీరు మునుపటి కంటే తొందరగా ఇంకుతూ, పార తిప్పితే వానపాములు కనిపిస్తే ముందుకు వెళ్లండి. అలా లేకపోతే ఇంకొక పచ్చిరొట్ట పైరు వేసి ఆరు నెలలు ఆగండి. ఆ ఆరు నెలల ఆలస్యం, గడ్డి పోయి గేదెను అమ్ముకోవడం కంటే చాలా చౌక.